ముప్ఫై ఒక్క ఊళ్ళు

నా కూతురు ఏంజెలిన్ తనకొక కవల చెల్లెలు ఉందన్న సంగతి తెలియకుండానే పోయిన సంవత్సరం చనిపోయింది. చెప్పవలసినదాన్ని నేనే. యాభై ఏళ్ళు చెప్పలేదు.

1974లో ఉదయగిరిలో నాకు ఒకే కాన్పులో ఇద్దరాడపిల్లలు పుట్టారు. ఆ ఏడు వానల్లేవు. ఇద్దరికీ చాలినన్ని పాలు నా ఒంట్లో లేవు. చిన్నది మరీ నీరసంగా ఉండేది, ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు నోరు తెరిచి ఊరుకునేది. మా చర్చి సంఘం బడిలో చదువు చెప్పే యేసుబాబు మాస్టారికి, ఆయన భార్య రూతమ్మకు పిల్లల్లేరు. వాళ్ళ ఇంట్లో పాడిగేదె ఉంది. పక్క సందే కదా, రోజూ చూసుకోవచ్చు కదా అని నా భర్త శీనయ్య అంటే సరేనన్నాను. ఐదో నెలలో ఇచ్చాను.

రోజూ చూసుకున్నాను. తప్పు అక్కడే జరిగిందేమో. పొద్దున ఒకసారి, చీకటి పడకముందు ఒకసారి పోయేదాన్ని. రూతమ్మ మొహం మెల్లగా మారిపోవడం నాకు కనిపించింది కానీ ఆగలేకపోయాను. రెండు నెలలు గడిచాక ఒక సోమవారం పోతే తలుపుకు తాళం ఉంది. గేదె కూడా లేదు. బడి ఉద్యోగం వదులుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయారు.

ఎవరికీ చెప్పకుండా అనేది పూర్తిగా నిజం కాదు. పాస్టరుగారికి చెప్పే పోయారు. మా సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. ఒక ఊరి సంఘంలోవాళ్ళు మరో ఊరికి కాపురం మారితే బదిలీ పత్రిక రాయించుకుని పోవాలి. ఫలానావారు మంచి సాక్ష్యం, అంటే మంచి నడత, కలవారు, మీ సంఘంలో చేర్చుకోండి అని పాస్టరుగారు రాసిస్తారు. దాని నకలు ఇక్కడి పుస్తకంలో ఉండిపోతుంది. వాళ్ళు పోవడానికి రెండు రోజుల ముందు, శనివారం, నేను గుడి ఊడుస్తున్నాను. బల్ల మీద ఆ పుస్తకం తెరిచి ఉంది. సిరా ఇంకా ఆరలేదు. చీపురు పక్కన పెట్టి దుమ్ము పడకుండా కొంగుతో దాన్ని కప్పాను కూడా. అందులో ఏ ఊరి పేరు ఉందో నాకు తెలియలేదు. అప్పటికి నాకు చదువు రాదు.

తరవాత నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. బస్సుల మీద ఊళ్ళ పేర్లు, కీర్తనల పుస్తకం, పప్పు కట్టిచ్చిన పేపరు ముక్కలు. మూడేళ్ళకు కూడబలుక్కుని చదవగలిగాను. అప్పుడు పాస్టరుగారిని ఆ పుస్తకం చూపించమని అడిగాను. "మాట ఇచ్చినాను లిదియమ్మా, నన్ను అబద్ధికుణ్ణి చేయొద్దు" అన్నారు. పుస్తకం పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఆయన పోయాక వేరే పాస్టర్లు వచ్చారు. నేను మళ్ళీ అడగలేదు. ఏంజెలిన్ పెద్దదవుతోంది, అడిగితే ఎక్కడ బయటపడుతుందోనని భయం.

ఏంజెలిన్ పోయాక ఇక దాచడానికి ఎవరూ లేరు. ఇప్పటి పాస్టరు దయాసాగర్‌గారి దగ్గరికి పోయి పుస్తకాలు చూపించమన్నాను. ఆయన నన్ను గది వెనక్కి తీసుకుపోయి పెట్టె తెరిచి చూపించారు. లోపల చెదలు కట్టిన మట్టి ఉంది. అట్టలు మాత్రం మిగిలాయి.

"పోయినవి పోయినా, మన సంఘాలన్నిటి పుస్తకాలతో పాటు వీటినీ బళ్ళో చెప్పిన రాజమోహన్ సార్ ముందే ఫోటోలు తీసి పెట్టినాడమ్మా. ఒక్కో పేజీ" అన్నారాయన. "సార్ పోయి మూడేళ్ళయింది. ఆయన కంప్యూటరు ఆత్మకూరులో శిష్యుడొకడు తీసుకుపోయినాడు. జిరాక్సు షాపు అతను. శ్రీకృష్ణ అని."

అలా నేను ఆత్మకూరు పోయాను.

శ్రీకృష్ణ షాపు బస్సు డిపోకు దగ్గరే. నలభై ఏళ్ళుంటాయి. నేను వచ్చిన పని చెప్పాను. మా సంఘంలో ఉండి ఊరు మారిన ఒక కుటుంబం కావాలి, వాళ్ళ పత్రిక కావాలి అన్నాను. వాళ్ళు నాకు ఏమవుతారో చెప్పలేదు. అతను అడగలేదు. రాజమోహన్ సార్ పేరు వినగానే చేతిలో పని పక్కన పెట్టి, అలమారలోనుంచి అరచేయంత ఇనప డబ్బా ఒకటి తీశాడు.

"కంప్యూటరు పాడైపోతే ఇది ఒక్కటి పీకి పెట్టినాను అవ్వా. సార్ రాసినవన్నీ దీంట్లోనే ఉండాయి. పెట్టినాక మళ్ళా నేనూ తెరవలా."

తన కంప్యూటరుకు తీగతో తగిలించాడు. డబ్బాలో ఏదో తిరగడం మొదలుపెట్టింది. కాసేపటికి టక్, టక్ అని గోటితో తట్టినట్టు చప్పుడు వచ్చింది. శ్రీకృష్ణ మొహం మారింది.

"ఏంది నాయనా?"

"డిస్కు పోతుండాది అవ్వా. ఈ శబ్దం వచ్చిందంటే ఎంతసేపు పనిచేస్తాదో చెప్పలేం. పూట కావచ్చు, పది నిమిషాలు కావచ్చు."

చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.

షాపులో ఇంకొకామె ఉంది. చెంచులక్ష్మి అని, మర్రిపాడు వైపు గొర్రెలు మేపేవాళ్ళ ఇంటామె. గొర్రెల ఇన్సూరెన్సు కాగితాలు జిరాక్సు తీయించుకోవడానికి వచ్చింది. శ్రీకృష్ణ ఏదో నొక్కితే తెర మొత్తం నల్లగా అయిపోయింది. ఆమె మెడ చాచింది.

"ఏందబ్బాయ్, చీకటైపోయినాది? కరెంటు పోయినాదా?"

"పోలేదక్కా. ఇది ఇట్టనే ఉంటాది. బొమ్మలుండవు. మనం రాసి అడగాల, అది రాసి చెబుతాది."

"మా ఇంటాయన కంటే మేలే. ఆయన అడిగినా చెప్పడు."

శ్రీకృష్ణ నవ్వలేదు. "అవ్వా, విను" అన్నాడు నా వైపు తిరిగి. "లోపల ఫోల్డర్లుంటాయి. ఫోల్డర్లో ఫోల్డరు, దాంట్లో ఇంకోటి. సార్ ఎంత లోతుకు పెట్టినాడో నాకు తెలీదు. అంతా చూపించమని అడిగినామంటే ఇది మూలమూలా తిరగతాది. అంత బలం దీనికి లేదు. అందుకని రెండు లెవెల్ల దాకా చెప్పు, అక్కడ ఆగు అని అడగతా. దానికి ట్రీ అని ఒక కమాండు ఉండాది. పక్కన గీత, పెద్ద ఎల్, రెండు. అంతే."

"అలమార తలుపులు తీసి అరలు చూస్తావు. మూటలు విప్పవు" అన్నాను.

"అబ్బ, సరిగ్గా అదే. సార్ ఉంటే నీకు నూటికి నూరు ఏసుంటాడు."

అతను కొట్టాడు. నల్ల తెర మీద తెల్లటి గీతలు, గీతలకు పేర్లు వేలాడుతూ వచ్చాయి. రాజమోహన్ సార్ అన్నీ తెలుగులోనే రాసిపెట్టాడు. నేను కళ్ళద్దాలు సరిచేసుకుని, తెర మీద వేలు పెట్టి చదివాను. బాప్తిస్మములు. వివాహములు. సమాధులు. బదిలీ పత్రికలు. ఒక్కోదాని కింద కొంచెం లోపలికి జరిగి ఊళ్ళ పేర్లు. బదిలీ పత్రికల కింద ఆత్మకూరు, ఉదయగిరి, కనిగిరి, కలిగిరి, కావలి. సీతారామపురం దాకా ముప్ఫై ఒక్క ఊళ్ళు.

ఊళ్ళ కింద ఏమీ లేదు.

"ఖాళీగా ఉండాయి నాయనా" అన్నాను.

"ఖాళీ కాదవ్వా. మనం రెండే అడిగినాం, మూడోది అది చెప్పదు. ఉండేదీ లేనిదీ ఒకమాదిరే కనిపిస్తాది. నువ్వు చెప్పు, ఏ ఊరు తెరవమంటావు? ఒక్కటి చెప్పు. దాన్ని మొత్తం నా కంప్యూటర్లోకి దించతా, నిదానంగా చూసుకోవచ్చు. రెండోదానికి ఇది బతికుంటాదని నేను చెప్పలేను."

నేను ఆలోచించలేదు. యాభై ఏళ్ళుగా ఆ పుస్తకం నా కళ్ళలో ఉంది. మా గుడి, మా బల్ల, మా పాస్టరుగారి చెయ్యి. రాసింది ఉదయగిరిలో.

"ఉదయగిరి" అన్నాను.

దింపడానికి అరగంట పట్టింది. మధ్యలో రెండుసార్లు టక్ టక్ మని ఆగి మళ్ళీ తిరిగింది. శ్రీకృష్ణ ఫ్యాను దాని వైపు తిప్పాడు. చెంచులక్ష్మి తన కాగితాల సంగతి మర్చిపోయి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎవరవ్వా వాళ్ళు? కోర్టు కేసా?"

"కాదమ్మా."

"మరి యాభై ఏళ్ళ నాటి కాయితం ఎందుకు?"

"చూడాల" అన్నాను.

దిగింది. ఊరి కింద సంవత్సరాలు, సంవత్సరం కింద మనుషుల పేర్లు, పేరు తెరిస్తే పత్రిక ఫోటో. 1974 తెరిపించాను. రెండు పేర్లున్నాయి. వింజమూరు నుంచి వచ్చిన ఒక కంపౌండరు, పొదిలి నుంచి వచ్చిన ఒక విధవరాలు. యేసుబాబు మాస్టారు లేరు. పక్క సంవత్సరాలూ చూడమన్నాను. 1975. 1973. 1972. అక్కడ ఒక పేరు దగ్గర నా వేలు ఆగిపోయింది. లిదియమ్మ, శీనయ్య భార్య.

శ్రీకృష్ణ తెరిచాడు. మర్రిపాడు సంఘం నుంచి ఉదయగిరి సంఘానికి రాసిన పత్రిక. పెళ్ళయి వచ్చినప్పుడు నేను చీర మడతలో పెట్టుకుని తెచ్చి ఇచ్చింది. అప్పుడు అందులో ఏముందో నాకు తెలియదు. ఇప్పుడు చదివాను. మంచి సాక్ష్యము గలది, మీ సంఘములో చేర్చుకొనవలెను.

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. పత్రిక, దాన్ని రాసిన ఊరి పేరుతో ఉండదు. చేరే ఊరి పేరుతో ఉంటుంది. మా సంఘాల్లో అది అందరికీ తెలిసిన విషయమే. మనిషి ఎక్కడ చేరితే పత్రిక ఆ ఊరిది. రాజమోహన్ సార్ పుస్తకాల్లోని నకళ్ళను కూడా ఆ పద్ధతిలోనే సర్దాడు. మర్రిపాడులో రాసిన నా పత్రిక ఉదయగిరిలో ఉంటే, ఉదయగిరిలో రాసిన వాళ్ళ పత్రిక వాళ్ళు పోయిన ఊరి కింద ఉంటుంది. ఏ ఊరికి పోయారో తెలిస్తేనే ఆ పత్రిక దొరుకుతుంది. ఏ ఊరికి పోయారో తెలుసుకోవడానికే నాకు ఆ పత్రిక కావాలి.

ఆ మాట శ్రీకృష్ణకు చెప్పాను. అతను తల పట్టుకున్నాడు.

"ముందే చెప్పుంటే అవ్వా..."

"తెలిసే ఉండాది నాయనా. గుర్తుకు రాలేదు."

"సరే, సరే, ఏడవబాక" అంది చెంచులక్ష్మి. నేను ఏడవడం లేదు. కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాను.

"వాళ్ళ పేరు పెట్టి వెతికితే?" అని ఆమే అడిగింది.

"వెతకాలంటే అన్ని ఫోల్డర్లూ తెరవాల అక్కా. అది ఎక్కువ పని. ఒక లెవెల్ దిగుదాం. మూడు అడగతా. ఊళ్ళ కింద సంవత్సరాలొస్తాయి. 1974 ఏయే ఊళ్ళ కింద ఉండాదో తెలిస్తే, వాటిల్లో ఒకటో రెండో దించుకోవచ్చు." నా వైపు చూశాడు. "నాలుగు అడిగితే పేర్లే వస్తాయి. ధైర్యం చేద్దామా?"

నాలుగు అనమని నా ప్రాణం కొట్టుకుంది. నాలుగు అడిగితే ఆ పేరు, దాని ఊరు, రెండూ ఒకేసారి నా ముందుకు వస్తాయి. అయితే ఒకసారి ఆలోచించకుండా ఉదయగిరి అని అరగంట పాడు చేసినదాన్ని. మళ్ళీ తొందరపడడానికి భయం వేసింది.

"నీకెట్టా మంచిదనిపిస్తే అట్టా చెయ్యి నాయనా."

"మూడు" అన్నాడు.

పేర్లు మెల్లగా వచ్చాయి. ముందు మాదిరి గబగబా రాలేదు. ఆత్మకూరు కింద సంవత్సరాలు. 1974 లేదు. ఉదయగిరి. కనిగిరి కింద 1974 ఉంది. చెంచులక్ష్మి నా భుజం పట్టుకుంది. కలిగిరిలో లేదు. కావలి కింద ఉంది. కొండాపురం, గూడూరు, దుత్తలూరు. నెల్లూరు కింద ఉంది. పొదిలి.

పొదిలి దగ్గర ఆగింది. డబ్బాలో చప్పుడు పెద్దదయింది. గోటితో తట్టినట్టు కాదు, తలుపు గడియ ఎవరో లోపలినుంచి లాగుతున్నట్టు. తర్వాత వరసగా ఇంగ్లీషులో ఒకే మాట చాలాసార్లు వచ్చింది.

"ఏమంటుండాది?" అని అడిగాను.

"తెరవలేకపోయినాను అంటుండాది. పొదిలి తర్వాత అన్నింటికీ అదే."

తీగ పీకి పెట్టాడు. చల్లారనిచ్చి మళ్ళీ పెట్టాడు. కనిగిరి ఒక్కటి తెరవమని అడిగాడు. కావలి అడిగాడు. ఈసారి తిరగను కూడా తిరగలేదు. ముట్టుకుంటే వేడిగా ఉంది, అంతే.

"పెద్ద ఊళ్ళలో దీన్ని బాగుచేసేవాళ్ళుంటారా?"

"ఉంటారవ్వా. చెన్నైలో విప్పి చూస్తారంట. నేను పంపిస్తా. కాకపోతే ఆ శబ్దం విన్నావు గదా. లోపల సూది దిగి రేకును గీకేసుంటే వాళ్ళూ ఏం చేయలేరు. వస్తాదని నేను ఆశ పెట్టలేను."

వచ్చినంతవరకు కాగితం మీద తీసిమ్మన్నాను. తీసిచ్చాడు. కాగితం వెచ్చగా ఉంది. పొదిలి తర్వాత బద్వేలు, మర్రిపాడు, వరికుంటపాడు, వింజమూరు, సంగం... ఊరి పేరు, పక్కన ఆ ఇంగ్లీషు మాట. సంగంలో నేను ఏడేళ్ళు వరినాట్లకు పోయాను. కాలవ గట్టు మీద కూర్చుని అన్నం తింటుంటే బడికి పోయే ఆడపిల్లలు గుంపుగా పోయేవాళ్ళు. ఒక్కోసారి ఏంజెలిన్ వయసువాళ్ళను పరీక్షగా చూసేదాన్ని. ఇప్పుడు ఆ సంగం కింద 1974 ఉందో లేదో ఈ కాగితం చెప్పదు.

"అవ్వా" అన్నాడు శ్రీకృష్ణ. "ఇంకో దారి చెప్తా. ఉదయగిరి పోను ఈ ముప్ఫై ఊళ్ళలో చర్చీలుండాయి గదా. 1974 లేదన్నవాళ్ళనీ వదలకుండా అందరికీ ఒక ఉత్తరం కొడదాం. ఉత్తరం ఒకటే, పైన ఊరి పేరు మార్చి ముప్ఫై తీస్తా. ఎవరో ఒకరు జవాబు రాస్తారు. నువ్వు చెప్పు, నేను కొడతా."

నా గుండె లేచి కూర్చుంది. ఇంత సులభమైనది నాకు ఇన్నేళ్ళూ ఎందుకు తట్టలేదా అనిపించింది. అతను కొత్త కాగితం తెరిచాడు. తెర తెల్లగా వచ్చింది.

"సంఘ కాపరిగారికి, ఉదయగిరి సంఘం నుంచి లిదియమ్మ వ్రాయునది" అన్నాను.

కొట్టాడు.

"1974లో మా సంఘము నుండి యేసుబాబు మాస్టారు, భార్య రూతమ్మ మీ ఊరు వచ్చియుంటే..."

"ఊఁ."

"వారితో ఉన్న బిడ్డ..."

అక్కడ ఆగాను. శ్రీకృష్ణ తల తిప్పి చూశాడు. చెంచులక్ష్మి చేయి నా భుజం మీదనుంచి తీసి నా మోకాలి మీద పెట్టింది. ఇద్దరికీ అప్పుడే అర్థమైందని నాకు తెలిసింది.

"నీ బిడ్డా?" అంది ఆమె, చిన్నగా.

తల ఊపాను.

"రాయి అబ్బాయ్, రాయి. కన్నతల్లి అడగతుండాదని రాయి. ఎవరు కాదంటారు?"

ఆమెకు మా పద్ధతి తెలియదు. మా సంఘాలకు వేరే ఊరి సంఘం నుంచి ఉత్తరం వస్తే పాస్టరు దాన్ని దాచుకోడు. ఆదివారం ఆరాధనలో, ప్రకటనల దగ్గర, నిలబడి మొదటినుంచి చివరిదాకా చదువుతాడు. అందరూ వింటారు. ఆ పిల్ల ఉంటే, ఆ ఊళ్ళోనే ఉంటే, యాభై ఏళ్ళ మనిషి. భర్త ఉంటాడు, పిల్లలుంటారు, కోడళ్ళుంటారు. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని ఉంటుంది. తనను ఒకామె కని, పాలు లేక ఇచ్చేసిందని అక్కడ, అందరితో పాటు, మొదటిసారి వింటుంది. లేచి బయటికి పోవడానికి కూడా అందరి కాళ్ళూ దాటుకుంటూ పోవాలి.

రూతమ్మ బతికి ఉంటే ఆమె పక్కనే కూర్చుని ఉంటుంది.

"బిడ్డ మాట వద్దు" అన్నాను. "యేసుబాబు మాస్టారి కుటుంబం క్షేమమా అని మాత్రం రాయి."

అతను తుడిచి, మళ్ళీ కొట్టాడు. యేసుబాబు మాస్టారి కుటుంబము క్షేమమేనా అని ఉదయగిరి నుండి లిదియమ్మ అడుగుచున్నది. నేను దాన్ని రెండుసార్లు చదివాను. నా పేరు వింటే చాలు, వాళ్ళు తెలుసుకుంటారు. నేను రోజుకు రెండుసార్లు పోయినందుకే ఒకసారి ఊరు వదిలిపెట్టి పోయారు. నా పేరు తీసేస్తే అడిగేది ఎవరో తెలియని ఉత్తరానికి ఏ పాస్టరు జవాబు రాస్తాడు?

"ఆదివారం చదవొద్దని రాస్తే?" అన్నాడు శ్రీకృష్ణ, నేను సంగతి చెప్పాక.

"చదవొద్దని రాసిన ఉత్తరం గురించి ఊరంతా అడగతారు నాయనా."

అతను చేతులు మీటల మీదే ఉంచాడు. వాకిట్లో ఎవరో జిరాక్సు కావాలని పిలిచారు. "ఉండు, వస్తుండా" అన్నాడు కానీ లేవలేదు.

"తీసెయ్ నాయనా" అన్నాను.

"ఉంచుతాలే అవ్వా. ఇంటికి పోయి ఆలోచించుకో, ఫోన్ చెయ్యి."

"తీసెయ్. ఉంటే రేపు పంపమంటాను."

వెనకనుంచి ఒక్కో అక్షరం చెరిపాడు. లిదియమ్మ పోయింది, ఉదయగిరి పోయింది, మాస్టారి పేరు పోయింది. తెర మళ్ళీ తెల్లగా అయింది. డిస్కును ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చెన్నైకి పోయేవాళ్ళతో పంపిస్తానని చెప్పాడు. నా దగ్గర రూపాయి తీసుకోలేదు. చెంచులక్ష్మి డిపో దాకా నాతో నడిచి వచ్చింది. బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి, మర్రిపాడు బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కింది. కిటికీలోనుంచి చేయి ఊపింది. గొర్రెల కాగితాలు షాపులోనే మర్చిపోయింది పాపం.

ఉదయగిరి బస్సు అప్పుడే పోయిందన్నారు. మళ్ళీ గంటకు. కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం విప్పాను. ఆత్మకూరు దగ్గర వేలు పెట్టి కిందికి చదువుతూ వచ్చాను. కనిగిరి, 1974. కావలి, 1974. నెల్లూరు, 1974. పొదిలి దాటాక ఇక చదవడానికి ఊళ్ళ పేర్లే ఉన్నాయి. అవి కూడా చదివాను.